108 వచ్చేలోపు బడిలో ఏమి జరగాలి?

(దృశ్యం: కాలువ గట్టు మీద సైకిళ్ళపై బడికి వెళ్తున్న పిల్లలు. ఒకవైపు వరిచేలు, మరోవైపు కొబ్బరితోట.)

వ్యాఖ్యాత: నమస్కారం. గోదావరి డెల్టాలో బడి నడుపుతున్న హెడ్‌మాస్టర్లు, టీచర్లు, మధ్యాహ్న భోజనం వండే అమ్మలు, పిల్లల తల్లిదండ్రులు అందరూ కలిసి చూడాలని ఈ వీడియో చేశాం.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పిల్లల భోజనాలు అయ్యాయి. ఆరో తరగతి అమ్మాయి పొట్ట పట్టుకుని వరండాలో కూర్చుంది. మెడ మీద, చేతుల మీద దద్దుర్లు లేచాయి. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది, దగ్గు ఆగడం లేదు. పక్కన ఉన్న పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి "టీచర్, ఇది ఊపిరి తీసుకోలేకపోతోంది" అంది.

ఆ నిమిషంలో ఎవరు ఏ పని చేయాలి? ఫోను ఎవరు చేస్తారు? మందు ఎక్కడ ఉంది? అంబులెన్సు ఏ రేవుకు వస్తుంది? ఇవన్నీ అప్పుడు ఆలోచించుకునే విషయాలు కావు. బడులు తెరిచిన మొదటి వారంలోనే తేల్చుకోవలసినవి.

(తెర మీద: అనాఫిలాక్సిస్)

వ్యాఖ్యాత: ఆ అమ్మాయికి వచ్చినదాన్ని వైద్యులు అనాఫిలాక్సిస్ అంటారు. ఒంటికి పడని పదార్థం లోపలికి వెళ్ళగానే రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా భావించి, హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతుంది. రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. నాలుక, గొంతు వాస్తాయి. కొందరికి నిమిషాల్లోనే మొదలవుతుంది, కొందరికి గంట, రెండు గంటలు పట్టవచ్చు.

మన ప్రాంతంలో దీనికి కారణమయ్యేవి మన కంచంలోనూ మన చెట్ల మీదా ఉన్నాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు లేని ఊరు అరుదు. రొయ్య పడనివాళ్ళకు ఎండురొయ్యల పొడి కూడా పడదు, ఎందుకంటే అలర్జీ తెచ్చే ఆ ప్రొటీను వేడికి చెడిపోదు. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా అలాగే ఉంటుంది. రొయ్యలు వండిన గరిటెతోనే పప్పు వడ్డించినా కొందరు పిల్లలకు ప్రమాదమే. ఆ తర్వాత వేరుశనగ, గుడ్డు, పాలు. తాటిచెట్టుకో, బడి చూరుకో కట్టిన కందిరీగల గూడు, తేనెపట్టు. కొందరికి పెన్సిలిన్ వంటి మందులు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బడి భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలోని లంకల గన్నవరంలో ఇంటి గడప తొక్కిన ఎవరినీ ఆకలితో పంపని తల్లి ఆమె. ఆ భోజనంలో ఇచ్చే గుడ్డు, వేరుశనగ చిక్కీ మన పిల్లలకు ఎంతో అవసరం. ఒక పిల్లకు పడదని అందరికీ ఆపేయమని ఈ వీడియో చెప్పడం లేదు. పడని ఆ ఒక్క పిల్ల ఎవరో వండే అమ్మకు, వడ్డించే అమ్మకు తెలిసి ఉండాలి, అంతే.

(దృశ్యం: హెడ్‌మాస్టరు గది. అడ్మిషన్ రోజు. బల్లకు ఇవతల ఒక తల్లి, పక్కన కొడుకు.)

తల్లి: మాస్టారూ, మా అబ్బాయికి రొయ్యలు పడవండి.

హెడ్‌మాస్టరు: తింటే ఏమవుతుందమ్మా? దురద ఒక్కటేనా, ఆయాసం కూడా వస్తుందా?

తల్లి: పోయిన సంక్రాంతికి వాళ్ళ మామయ్య ఇంట్లో తిన్నాడండి. ముఖమంతా వాచిపోయింది, వాంతులు అయ్యాయి. ఆసుపత్రిలో సూది వేశాక తగ్గింది.

హెడ్‌మాస్టరు: అయితే ఆ డాక్టరు గారి చీటీ ఒకసారి తీసుకురండమ్మా. మీ ఫోను నంబరుతో పాటు, మీరు చేపల చెరువు దగ్గర ఉండి ఫోను అందకపోతే ఎవరికి చేయాలో ఆ నంబరు కూడా ఇవ్వండి.

వ్యాఖ్యాత: మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న చూశారా? చాలా బడుల్లో "పడదు" అన్న మాట దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. తింటే ఏమవుతుందో అడిగితేనే ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం, గుండెజబ్బు ఉన్న పిల్లల వివరాలు కూడా అదే కాగితంలో రాసుకోవాలి. ఆ జాబితా ఒక ప్రతి హెడ్‌మాస్టరు బల్ల సొరుగులో, ఇంకొకటి వంటగది తలుపు లోపలి వైపు ఉండాలి. చదవడం రాని అమ్మ వండుతుంటే పిల్లలను స్వయంగా చూపించి చెప్పాలి.

(దృశ్యం: మళ్ళీ ఆ వరండా. టీచరు అమ్మాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటుంది.)

వ్యాఖ్యాత: ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరకు వెళ్దాం.

దద్దుర్లు, దురద మాత్రమే ఉంటే కనిపెట్టి చూస్తూ ఉండాలి. వాటితో పాటు ఆయాసం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, ఆగని వాంతులు, కళ్ళు తిరగడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది అనాఫిలాక్సిస్ అనుకునే ముందుకు సాగాలి. కొందరిలో దద్దుర్లు అసలు రావు. చర్మం బాగానే ఉంది కదా అని ధీమా పడకూడదు.

పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద పుస్తకాల సంచులు పెట్టి ఎత్తుగా ఉంచండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. బాగానే ఉన్నట్టు కనిపించినా లేపి నిలబెట్టవద్దు, నడిపించవద్దు. రక్తపోటు పడిపోయిన పిల్ల ఒక్కసారిగా లేచి నిలబడితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ముఖం కడుక్కోమని కుళాయి దగ్గరకు పంపడం, స్టాఫ్ రూముకు నడిపించడం మనం మంచి మనసుతోనే చేస్తాం. అవే ఆ పిల్లకు ప్రమాదం.

ఇక మందు. ఇంటి అలమారలో ఉండే సెట్రిజిన్ దురదను తగ్గిస్తుంది. బిగుసుకున్న శ్వాసనాళాన్ని తెరవలేదు, పడిపోయిన రక్తపోటును లేపలేదు. అవి చేసే మందు అడ్రినలిన్ ఒక్కటే. తొడకు బయటివైపు మధ్య భాగంలో కండలోకి ఇవ్వాలి. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ (చిన్న గాజు మందుసీసా) నుంచి, పిల్లల బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్కన ఇస్తారు. అంటే 20 కిలోల బిడ్డకు 0.2 మిల్లీలీటరు. యుక్తవయసు రాని పిల్లలకు ఒక మోతాదులో 0.3 మిల్లీగ్రాము దాటరు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండోసారి ఇస్తారు.

(తెర మీద: ఆంప్యూల్, చిన్న సిరంజి, తొడ మీద సూది వేసే చోటు గుర్తు)

వ్యాఖ్యాత: "మేము టీచర్లం, సూదులు మా పనా?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అమెరికాలో బడులు ఈ మందును తమ దగ్గర ఉంచుకునేలా ప్రోత్సహించే చట్టం 2013లో వచ్చింది. బ్రిటన్‌లో 2017 నుంచి బడులే నేరుగా కొనుక్కోవచ్చు. కెనడాలోని ఆంటారియోలో బడిలో అలర్జీ వచ్చి ఒక విద్యార్థిని చనిపోయాక, ఆమె పేరుతోనే సబ్రీనా చట్టం తెచ్చారు. అది 2006 నుంచి అమల్లో ఉంది. అక్కడ పెన్నులా పట్టుకుని తొడకు నొక్కితే సరిపోయే ఇంజెక్టర్లు దొరుకుతాయి. మనకు సులువుగా దొరికేది ఆంప్యూల్. మోతాదు కొలిచి సిరంజిలోకి ఎక్కించడానికి శిక్షణ కావాలి.

అయితే ఈ మందు మన ఊళ్ళో ఇప్పటికే ఉంది. టీకాలు వేయడానికి వచ్చే ఏఎన్ఎమ్ గారి దగ్గర అనాఫిలాక్సిస్ కిట్ ఉంటుంది, అందులో అడ్రినలిన్ ఉంటుంది. టీకా తర్వాత అలర్జీ వస్తే ఒక మోతాదు ఇచ్చి ఆసుపత్రికి పంపే శిక్షణ ఆమెకు ఉంది. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా పదేళ్ళకు, పదహారేళ్ళకు వేసే టీడీ టీకా కోసం ఆమె బడికి వస్తారు కూడా. కాబట్టి బడి చేయవలసిన మొదటి పని ఏఎన్ఎమ్ గారి నంబరు గోడ మీద రాయడం. రెండో పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారితో కూర్చుని మాట్లాడటం. తీవ్ర అలర్జీ ఉన్న బిడ్డ బడిలో ఉంటే ఆ బిడ్డ పేరు మీద మందు బడిలో ఉంచవచ్చా, మోతాదు ఎంత, ఎవరు నేర్చుకోవాలి, ఇవన్నీ ఆయన రాసి సంతకం చేసి ఇస్తే టీచరు చేయి వణకదు. ఒక్కరు నేర్చుకుంటే చాలదు. ఆ ఒక్కరు సెలవు పెట్టిన రోజు కూడా బడి నడుస్తుంది కదా.

(దృశ్యం: నది దాటించే పంటు మీద ఎక్కుతున్న మోటారు సైకిళ్ళు, జనం. అవతలి ఒడ్డున ఆగిన ఆటో.)

వ్యాఖ్యాత: డెల్టాకు మాత్రమే ఉన్న చిక్కు ఇది. 108 సేవ 2005 నుంచి ఉంది, ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ నదీపాయ అవతల ఉన్న లంకకు అది నేరుగా రాలేదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం చేరాలంటే గోదావరి పాయ వశిష్ఠ మీద పంటు ఎక్కాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య ఇంకో పాయ గౌతమి. కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్త వరదలప్పుడు చదువుతూనే ఉంటాం.

అందుకే లంకల్లోని బడి తన దారిని ముందే గీసుకోవాలి. 108కి ఫోను చేసినప్పుడు బడి పేరుతో ఆగకుండా రేవు పేరో, లాకుల పేరో, వంతెన పేరో చెప్పాలి. ఏ ఒడ్డున ఎదురుచూడాలో అంబులెన్సు వాళ్ళకు స్పష్టంగా తెలియాలి. పడవ నడిపే ఇద్దరి నంబర్లు ఉండాలి. పిల్లను మంచం మీదో, బల్ల మీదో పడుకోబెట్టి మోయాలి, పడవలో కూడా పడుకోబెట్టే ఉంచాలి. వెళ్ళవలసింది మొదట అడ్రినలిన్ ఉన్న దగ్గరి చోటికి. కాకినాడ పెద్దాసుపత్రి ఆ తర్వాత. తల్లిదండ్రులకు కబురు చేయాలి కానీ, వాళ్ళు వచ్చేదాకా బిడ్డను బడిలో ఆపకూడదు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక బడి మొదటి హెచ్చరిక నాడే పడవలు తిరుగుతున్నాయో లేదో కనుక్కోవాలి. ఉబ్బసం పిల్లల ఇన్హేలర్లు, మందుల పెట్టె ఎత్తైన చోటికి మార్చాలి.

(దృశ్యం: కోత కోసిన పొలం గట్టు. బడి వెనుక గడ్డి పెరిగిన గోడ.)

వ్యాఖ్యాత: వరదనీరు ఎక్కినా, కోతలు మొదలైనా పాములు మెరక వెతుక్కుంటూ వస్తాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన దగ్గర ఉన్నవే. కాటు పడితే తాడు బిగించి కట్టవద్దు, బ్లేడుతో కోయవద్దు, పసరు పూయవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. కాలో చేయో కదలకుండా స్కేలు కట్టి, పిల్లను మోసుకెళ్ళండి. పామును చంపి తీసుకెళ్ళనక్కర్లేదు. ఈ మూడింటి విషానికీ ఆసుపత్రిలో ఇచ్చేది ఒకే విరుగుడు మందు. గుర్రాల రక్తం నుంచి తయారయ్యే ఆ మందు కూడా కొందరికి అలర్జీ తెస్తుంది. దానికీ విరుగుడు అడ్రినలిన్ కాబట్టి, అది సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే వేయించాలి.

కాలువలో పడిన పిల్లకోసం ఈత రానివాళ్ళు దూకకండి. వెదురు గడ, తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా అందించండి. బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని నీళ్ళు కక్కించే పాత అలవాటు మానాలి. దానివల్ల విలువైన సమయం పోతుంది. ఊపిరి లేకపోతే నోటి ద్వారా ఊపిరి ఇవ్వడంతో మొదలుపెట్టి, ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్ళీ 30 నొక్కులు. నిమిషానికి 100 నుంచి 120 వేగం. ఆరేడేళ్ళు దాటిన పిల్లలకు దాదాపు 5 సెంటీమీటర్ల లోతు. ఇది వీడియో చూసి వచ్చే విద్య కాదు, బొమ్మ మీద చేతులతో నేర్చుకోవాలి.

మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో చెంచా దూర్చవద్దు. పక్కకు తిప్పి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108.

వంట షెడ్డు తరగతి గదికి ఎంత దూరంలో ఉంది? దాని పైకప్పు తాటాకా? 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటగదిలో అంటుకున్న నిప్పు తాటాకు కప్పుకు పాకి 94 మంది పిల్లలను బలి తీసుకుంది. ఈ రోజే వెళ్ళి చూడండి.

(దృశ్యం: బడి ఆవరణ. టీచర్లు, వంట అమ్మ, పెద్ద పిల్లలు సాధన చేస్తున్నారు.)

వ్యాఖ్యాత: ఇప్పుడు సాధన. మూడు నెలలకు ఒకసారి, భోజనాల వేళలోనే, చెప్పకుండా చేయండి. ఒక పిల్ల పడిపోయినట్టు నటిస్తుంది. ఒకరు పిల్లతో ఉంటారు, ఒకరు ఫోను చేస్తారు, ఒకరు పెట్టె తెస్తారు, ఒకరు గేటు దగ్గరో రేవు దగ్గరో నిలబడతారు. మిగతా పిల్లలను గదిలోకి తీసుకెళ్ళేవారు ఇంకొకరు. ఏకోపాధ్యాయ బడి అయితే ఈ పనుల్లో సగం వంట అమ్మకు, అంగన్‌వాడీ టీచరుకు, పక్కింటివాళ్ళకు ముందే అప్పగించాలి. సాధనలో తప్పకుండా ఏదో ఒకటి బయటపడుతుంది. పెట్టె తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తెలియదు, లేదా మందు గడువు దాటిపోయి ఉంటుంది. గడువు దాటిన ఆంప్యూల్‌ను ఏఎన్ఎమ్ గారికి ఇస్తే, దానితోనే సిరంజిలోకి ఎక్కించడం నేర్పుతారు. కొత్తదాన్ని ఎండ తగలని చోట, ఫ్రీజరులో కాకుండా ఉంచండి.

సూది వేసిన సమయం, మోతాదు ఒక చీటీ మీద రాసి అంబులెన్సు సిబ్బంది చేతికి ఇవ్వండి. పిల్ల కోలుకున్నట్టు కనిపించినా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచాలి. లక్షణాలు తగ్గి, మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఉంది.

ఆ పిల్ల తిరిగి బడికి వచ్చే ముందు తరగతితో మాట్లాడండి. "నీకు చిక్కీ లేదుగా" అని ఏడిపించడం, సరదాకు చిక్కీ ముక్క టిఫిను డబ్బాలో వేయడం ఎంత ప్రమాదమో పిల్లలకు చెబితే అర్థమవుతుంది. చిక్కీ ఇచ్చే రోజున ఆ పిల్లకు అరటిపండో, మరొకటో అందరితో పాటే, అదే వరుసలో కూర్చోబెట్టి ఇవ్వండి. అది ఎవరు తేవాలో కూడా ఆ కాగితం మీదే రాయండి.