సిమ్యులేటర్‌లో నడిచిన రోబో నేల మీద ఎందుకు పడింది

అందరికీ నమస్కారం.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా నా మొదటి ఉద్యోగం వెబ్ సర్వర్ల మీద. అక్కడ ఏ తప్పు జరిగినా లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ తను చేసిన పనులను రాసుకునే ఫైల్‌లో, కనిపించేది. రోబోటిక్స్‌లోకి వచ్చాక ఎదురైన మొదటి సమస్య మాత్రం ఏ లాగ్‌లోనూ లేదు. సిమ్యులేటర్‌లో, అంటే అసలు ప్రపంచాన్ని అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో, గంటల తరబడి పడకుండా నడిచిన నాలుగు కాళ్ల రోబో, ల్యాబ్‌లో రెండడుగులు వేసి కూలబడింది. కోడ్ అంతా సరిగ్గానే ఉంది.

కారణం దొరకడానికి చాలా రోజులు పట్టింది. మా సిమ్యులేటర్‌లో మోటారుకు కమాండ్ ఇస్తే ఆ క్షణమే బలం వచ్చేది. అసలు మోటారుకు కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, గేర్లలో రాపిడి కూడా ఉంటుంది. రోబోకు నడక నేర్పింది రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్, అంటే బాగా చేసిన ప్రయత్నానికి రివార్డు పాయింట్లిస్తూ నేర్పే పద్ధతి. దానికి ఇవేవీ పట్టవు. రివార్డు ఎక్కడ దొరికితే అక్కడికి పోతుంది. పాదం నేలను తాకే లెక్కలో చిన్న లొసుగున్నా దాన్నే పట్టుకుని, నిజంగా ఎవరూ నడవలేని నడక నేర్చుకుంటుంది.

దీన్నే రియాలిటీ గ్యాప్ అంటాం. సిమ్యులేటర్‌లో బరువు, ఘర్షణ లాంటివి మార్చి మార్చి శిక్షణ ఇవ్వడం ఒక దారి. 2019లో ఓపెన్‌ఏఐ రోబో చేయి రూబిక్స్ క్యూబ్ తిప్పింది అలాగే. నాకు మాత్రం అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎనీమల్ అనే నాలుగు కాళ్ల రోబోతో చేసిన పని ఎక్కువ ఇష్టం. వాళ్లు రోబో కాళ్లను ఆడించి, మోటార్లు ఇచ్చే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, కొలిచారు. 12 మోటార్ల నుంచి ఒకేసారి తీసుకోవడంతో నాలుగు నిమిషాల లోపే సరిపడా డేటా వచ్చింది. దానితో ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కు (డేటా నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌కు) శిక్షణ ఇచ్చి, సిమ్యులేటర్‌లో మోటారు బదులు పెట్టారు. మిగతా శరీరానికి మామూలు ఫిజిక్సే. సమీకరణం రాయడం కష్టమైన చోట మాత్రమే నేర్చుకునే యంత్రం! ఆ పేపర్ చదివాక నేను పనిచేసే పద్ధతే మారింది. ముందు కొలత, తర్వాతే శిక్షణ.

మా రోబోకూ అదే చేశాం. కొలిచిన ఆలస్యాన్ని సిమ్యులేటర్‌లో కలిపి మళ్లీ శిక్షణ ఇస్తే, ల్యాబ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మేమందరం మాట్లాడకుండా దాని వెనకే నడిచాం.

ఏ టూల్ నేర్చుకోవాలని చాలామంది అడుగుతారు. ముజోకో అనే సిమ్యులేటర్ 2022 నుంచి ఓపెన్ సోర్స్. మొదలుపెట్టడానికి అది చాలు. దానితోపాటు ఒక చవక సర్వో మోటారు కొనండి. బల్లకు బిగించి, కమాండ్ ఇచ్చిన క్షణాన్నీ, అది కదిలిన క్షణాన్నీ రికార్డు చేసి గ్రాఫ్ గీయండి. సిమ్యులేటర్‌లో అదే మోటారు గ్రాఫ్‌ను దాని పక్కన పెట్టండి. రెండు గీతలూ కలవవు. ఎందుకు కలవలేదో వెతకడమే నా ఉద్యోగంలో సగానికి పైగా.

నేను గీసిన మొదటి గ్రాఫ్ ఇప్పుడు తెర మీద చూపిస్తాను.