పాత లారీలో హెచ్చరిక లైట్లు, స్టీరింగ్ లోపాలు: విప్పకముందే కనిపెట్టడం ఎలా?

నమస్కారం. అనంతపురంలో మా షెడ్డు ముందు ఉన్న ఈ లారీ తాడిపత్రి నుంచి నాపరాళ్ళు మోసిన పాత బండి. దీన్ని కొత్తగా కొన్నవారు, స్టీరింగ్ బరువుగా ఉందనీ, ఆయిల్ లైటు అప్పుడప్పుడు వెలుగుతోందనీ చెప్పి తెచ్చారు.

ముందుగా ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళంచెవిని ఆన్ వరకే తిప్పండి. ఇంజన్ ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగే ఆయిల్ లైటు, బ్యాటరీకి ఛార్జి అందకపోతే వెలిగే ఛార్జింగ్ లైటు రెండూ వెలగాలి. ఇంజన్ అందుకున్న కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. వెలిగిన లైటుకు అందరూ భయపడతారు గానీ, వెలగని లైటును అనుమానించేవారు తక్కువ. నేను మొదటిసారి పాత బండి కొన్నప్పుడు, మీటరు మీద ఒక్క లైటూ లేదని మురిసిపోయాను. నెల తరువాత విప్పి చూస్తే ఆయిల్ లైటు హోల్డరులో బల్బే లేదు.

ఈ బండిలో బల్బు ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆరిపోయే లైటు, ఇంజన్ బాగా వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు మినుకుమంటోంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఆరుతోంది. ఆయిల్ తగ్గినా, పలచబడినా, బేరింగులు అరిగినా, చివరికి ఆ లైటును వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ చెడినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, ముందు ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూసి, తరువాత స్విచ్ తీసి ఆ స్థానంలో ప్రెషర్ గేజి బిగించండి. గేజిలో ప్రెషర్ సరిగా ఉంటే స్విచ్ మారిస్తే చాలు. లేకపోతే బండిని లోడుకు పంపకండి. నడుస్తుండగా లైటు వెలిగి ఆరకపోతే ఇంజన్ వెంటనే ఆపేయాలి.

ఛార్జింగ్ లైటుకు మల్టీమీటర్ చాలు: 24 వోల్టుల బండిలో ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీల దగ్గర 27.5 నుంచి 28.5 వోల్టుల వరకు రావాలి. రాకపోతే ఆల్టర్నేటర్ కంటే ముందు బెల్టు వదులును చూడండి.

ఇక స్టీరింగ్. ఇంజన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతుంటే, మరొకరు ముందు చక్రం పక్కన కూర్చుని డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి కిందికి దిగే చెయ్యి), డ్రాగ్ లింక్ (దాన్ని చక్రం వైపు కలిపే కడ్డీ), టై రాడ్ ఎండ్‌లను (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ చివరి కీళ్ళు) వరుసగా చూడాలి. కదలిక ఎక్కడ ఆగిపోతే అరుగుదల అక్కడే. తరువాత వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే, సహాయకుణ్ణి బ్రేకు తొక్కమనండి: ఊపు పోతే లోపం చక్రం దొర్లే హబ్ బేరింగులో, పోకపోతే చక్రం పక్కకు మలిగే ఇరుసైన కింగ్ పిన్‌లో.

ఈ బండిలో ఊపు లేదు. అయినా, చక్రాలు గాలిలో ఉన్నప్పటికీ, డ్రాగ్ లింక్ విడదీసిన తరువాత కూడా అవి చేతికి గట్టిగా తగిలాయి. కింగ్ పిన్‌కు గ్రీజు ఎక్కించే నిప్పల్‌కు గ్రీజు గన్ పెడితే గ్రీజు లోపలికి పోకుండా పక్కకు చిమ్మింది. పాత గ్రీజు దుమ్ముతో కలిసి రాయిలా గట్టిపడింది. నిప్పల్ విప్పి, దారి శుభ్రం చేసి, చక్రం గాలిలో ఉండగానే, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటకు వచ్చేవరకు కొట్టాం. స్టీరింగ్ తేలికైంది. బరువుగా ఉందని స్టీరింగ్ ఆయిల్ ట్యాంకునూ పంపునూ అనుమానించడం, లూజుగా ఉందని స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించడం మనకు అలవాటు. ఆ స్క్రూ అతిగా బిగిస్తే మలుపు తిరిగిన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఈ బండికి దాన్ని ముట్టుకోవలసిన పనే పడలేదు.