ఎపిసోడ్ 37: డిగ్రీతో పాటు ఇంకో భాష (అని మొదలుపెట్టాం)

చందు: ...లేదక్కా, ఆ గిన్నె సంగతి ఈసారి నేను ఎత్తను.

వాణి: ఎత్తావుగా. రికార్డవుతోంది.

చందు: అయ్యో. సరే, అందరికీ నమస్కారం. నేను చందు, పక్కన మా పెద్దమ్మ కూతురు వాణక్క. పైనుంచి వినిపిస్తున్నది మిక్సీ. దాన్ని కూడా మూడో హోస్ట్ అనుకోండి, ఆదివారం పదకొండింటికి దాని డ్యూటీ.

వాణి: ఇవాళ్టి విషయం ఒక చెల్లెలు పంపిన వాయిస్ మెసేజ్. ప్రొద్దుటూరు అమ్మాయి, ఇక్కడ బెంగళూరులో బీకాం రెండో ఏడాది. డిగ్రీతో పాటు ఫారిన్ లాంగ్వేజ్‌లో డిప్లొమా చేద్దామనుకుంటోంది. ఫ్రెంచా, జర్మనా, జపనీసా అని అడిగింది.

చందు: జపనీస్. ఎపిసోడ్ అయిపోయింది. ఉంటాం మరి.

వాణి: కూర్చో. బీకాంతో పాటు ఫ్రెంచ్ చేసింది నేను. ముందు నేను చెప్తా. మా కాలేజీ రెండున్నరకి వదిలేది. ఫ్రెంచ్ క్లాసు వసంతనగర్‌లో, ఐదింటికి. మధ్యలో కంటోన్మెంట్ స్టేషన్ దగ్గర కూర్చుని హోంవర్కు. నోటు పుస్తకం ఒకటే. ముందునుంచి కాస్ట్ అకౌంటింగ్, వెనకనుంచి ఫ్రెంచ్ క్రియలు. రెండూ మధ్యలో కలుసుకున్న రోజున కొత్త పుస్తకం.

చందు: ఏ నెలలో ఏది ముందుకొచ్చేసిందో చూస్తే తెలిసిపోతుంది, నీకు ఏది ఇష్టమో.

వాణి: పరీక్షల నెలలో తప్ప ఫ్రెంచే. కానీ ఆ ఉచ్చారణ ఉంది చూడు! వాళ్ళకి ఒక అచ్చు ఉంటుంది. పెదాలు 'ఊ' అన్నట్టు ముడిచి లోపల 'ఈ' అనాలి. బస్సులో సాధన చేస్తుంటే పక్కనావిడ లేచి నాకు కిటికీ సీటు ఇచ్చింది, వాంతి వస్తోందనుకుని.

చందు: [నవ్వు] తీసుకున్నావా?

వాణి: తీసుకోనా మరి! ఇక అంకెలు. డెబ్బైని అరవై పది అంటారు. ఎనభైని నాలుగు ఇరవైలు. తొంభై తొమ్మిది అంటే నాలుగు ఇరవైలు పంతొమ్మిది. క్లాసంతా తల పట్టుకుంది. నాకు మాత్రం మా అవ్వ గుర్తొచ్చింది. టెంకాయలు ఇరవైల్లోనే లెక్కపెట్టేది. 'నాలుగు ఇరవైలు మీద మూడు' అనేది.

చందు: అమ్మమ్మా?

వాణి: నీకు అమ్మమ్మ, నాకు అవ్వ. గుంటూరులో పెరిగితే అంతే.

చందు: చూశావా, ఫ్రెంచ్‌లో ఒక్క అంకె కలిసింది. జపనీస్ మొత్తం కలుస్తుంది. వినండి. నేను అన్నం తింటాను. 'వతాషి వ గొహాన్ ఒ తబెమాసు.' వతాషి నేను, గొహాన్ అన్నం, తబెమాసు తింటాను. అదే వరస! క్రియ చివర్లో. ప్రశ్న వేయాలంటే చివర 'కా' తగిలించు, తబెమాసు కా? తింటారా? మనం 'ఆ' తగిలించినట్టే.

వాణి: మొదలైంది.

చందు: ఇంకోటి. వాళ్ళ మాటలు కూడా దాదాపు అన్నీ అచ్చుతోనే ఆగుతాయి, లేదంటే 'న్' తో. ఇంగ్లీషు మాట వచ్చినా ఊరుకోరు. బస్సు 'బసు', హోటలు 'హొతెరు', పాలు 'మిరుకు', ఐస్‌క్రీము 'ఐసుకురీము'. అమ్మమ్మ అన్నట్టే లేదూ? మనది అజంత భాష, వాళ్ళదీ ఇంచుమించు అంతే. ఒనో సుసుము అని ఒక జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని పుస్తకాలే రాశాడు.

వాణి: దాన్ని మిగతా పండితులు చాలామంది ఒప్పుకోలేదు కూడా. అది చెప్పవేం?

చందు: వాళ్ళు తెలుగు నేర్చుకోలేదు, అందుకు.

వాణి: ఒక్క ప్రశ్న అడుగుతా. ఇందాక డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే నువ్వు ఎవరికిచ్చావు?

చందు: ...నీకు.

వాణి: ఎందుకు?

చందు: అతనికి హిందీ రాదక్కా.

వాణి: నీకు కన్నడ రాదు. ఆరేళ్ళయింది నువ్వు ఈ ఊరొచ్చి. నీకు రాని భాషని అతనికి రాని భాషగా చెప్తున్నావు.

చందు: అబ్బా, ఇవాళ ఇది కాదు మన టాపిక్.

వాణి: ఇదే టాపిక్. ఇంకో భాష ఎందుకు నేర్చుకుంటాం అనే కదా ఆ పిల్ల అడిగింది.

చందు: ఆ పిల్ల అడిగింది ఫారిన్ లాంగ్వేజ్. చూడు, నేను ఎవరితో మాట్లాడాలి కన్నడ? మా సెక్యూరిటీ ఆయనది హిందూపురం. కూరగాయలావిడది కుప్పం. టీంలో పదకొండు మందిమి, ఏడుగురం మనవాళ్ళం. నేను 'ఎష్టు' అని నోరు తెరిస్తే వాళ్ళు 'నలభై రూపాయలు సార్' అంటారు.

వాణి: జపాన్ వాళ్ళు ఎంతమంది ఉన్నారు మీ వీధిలో?

చందు: అది కెరీర్!

వాణి: కన్నడ?

చందు: కన్నడకి సర్టిఫికెట్ ఎవరడుగుతారు? నువ్వు మాత్రం? అంత ఫ్రెంచ్ నేర్చుకుని ఇప్పుడు ఎక్కడ వాడుతున్నావు? షాంపూ సీసా మీద చదవడానికా?

వాణి: ఫ్రెంచ్ ఇన్వాయిస్‌లు చూసే టీంలో మూడేళ్ళు చేశాను నాన్నా. నాతో చదివిన బీకాం వాళ్ళకంటే ఎక్కువ జీతానికి. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు దొరుకుతారు, అకౌంట్స్ వచ్చినవాళ్ళు దొరుకుతారు, రెండూ వచ్చినవాళ్ళు దొరకరు. ఇప్పుడు వాడటం లేదు, నిజమే. తుప్పు పట్టింది. ఒప్పుకుంటా. నువ్వూ ఒప్పుకో.

చందు: ఏమని?

వాణి: బద్ధకం అని. కన్నడ నీకు కష్టమేమీ కాదు. పాలు ఏమంటారు?

చందు: హాలు. అది తెలుసు, ప్యాకెట్ మీద ఉంటుంది.

వాణి: పులి, హులి. పంది, హంది. పది, హత్తు. పాత కన్నడలో వాళ్ళూ 'పాల్' అనే అన్నారు. తర్వాత ఎప్పుడో 'ప' పోయి 'హ' వచ్చింది. పల్లె ఏమవుతుంది?

చందు: హల్లె... హళ్ళి! మారతహళ్ళి! ఓహో, బొమ్మనహళ్ళి. ఇన్నాళ్ళూ మెట్రో కోసం తవ్విన గుంతలే చూశాను, ఇవన్నీ పల్లెలా?

వాణి: అన్నీ పల్లెలే.

చందు: మరి పప్పు హప్పా?

వాణి: కాదు, బేళె. అన్నిటికీ అతకదు. కానీ అప్పడం మాత్రం హప్పళ.

చందు: హప్పళ! బాగుంది. కానీ అక్కా, ఆగు ఆగు. ఇది జపనీస్‌లో కూడా ఉంది.

వాణి: ఓరి దేవుడా.

చందు: నిజం! వాళ్ళ 'హ' కూడా పూర్వం 'ప' నే. అమ్మని 'హహ' అంటారు కదా, వెనక్కి వెళ్తే అది 'పప'. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, పండితులందరూ ఒప్పుకున్నదే.

వాణి: అమ్మ పాపా? సరే, ఇది మాత్రం నాకు నచ్చింది. కానీ మోసం చేసే మాటలు కూడా ఉంటాయి. సాకు అంటే కన్నడలో 'చాలు'.

చందు: అందుకా! ఆటో ఆయన 'సాకు సాకు' అంటుంటే, నేను సాకులు చెప్తున్నానని తిడుతున్నాడనుకుని ఇంకో ఇరవై ఇచ్చాను.

వాణి: [నవ్వు] చిల్లర చాల్లే అన్నాడు పాపం. పువ్వు చెప్పు ఇప్పుడు.

చందు: హువ్వు?

వాణి: హూవు. మామూలుగా మాట్లాడేటప్పుడు 'హూ' అనేస్తారు.

చందు: ...హూ అంటే పువ్వా?

వాణి: అవును. ఏమైంది?

చందు: ఏం లేదు.

వాణి: చెప్పు.

చందు: అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి నా రూముకొచ్చింది గుర్తుందా? పన్నెండు రోజులు. అప్పటికి నేను ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఉన్నా. పక్కింటావిడ పేరు తెలీదు. అమ్మమ్మ మూడో రోజుకే వాళ్ళ వాకిట్లో చాప మీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది. ఒక కంటికి కట్టు, అయినా దారం తప్పట్లేదు. ఇద్దరూ ఒకటే మాటలు. నాకు అప్పుడు తెలిసింది, అమ్మమ్మకి కన్నడ వచ్చని.

వాణి: మడకశిర వైపు పుట్టిన మనిషికి రాకపోవడమేంట్రా. సంతలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకటే కదా.

చందు: నాకెవరు చెప్పారు? అదీ... అమ్మమ్మ పోయాక, నేను ఊరినుంచి తిరిగొచ్చిన మర్నాడు ఆవిడ వచ్చింది. ఎవరు చెప్పారో మరి. గుమ్మంలోనే నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడింది. కళ్ళు తుడుచుకుంటూ. అజ్జి, అంటే అమ్మమ్మ, అన్నది అర్థమైంది. మధ్యలో మాటిమాటికీ 'హూ, హూ' అంటోంది. నేను అది ఏడుపనుకున్నా. మనం ఊఁ కొట్టినట్టు. నేనూ 'హౌదు, హౌదు' అన్నా, అవునవునని. ఆవిడ వెళ్ళిపోయింది.

[మిక్సీ శబ్దం]

వాణి: ఏం చెప్పిందో...

చందు: అమ్మమ్మ కట్టిన పూలనుందో, ఫొటోకి పూలు పెట్టమందో. ఆ నెలలోనే వాళ్ళు ఖాళీ చేశారు. ఇప్పుడెవరినడుగుతాం?

వాణి: కట్ చేయనా ఇది?

చందు: వద్దులే. ఉండనీ.

వాణి: నీళ్ళు తాగు.

చందు: ఊఁ. పాపం ఆ ప్రొద్దుటూరు అమ్మాయి ఇంకా వింటోందంటావా?

వాణి: గబగబా చెప్పేద్దాం. చెల్లెమ్మా, రెండూ ఒకేసారి చదవచ్చా అంటే చదవచ్చు. 2022 ఏప్రిల్‌లో యూజీసీనే రెండు కోర్సులు కలిపి చేసుకోవచ్చని చెప్పింది. రెండూ క్లాసుకెళ్ళి చదివేవైతే టైములు ఢీకొనకూడదు, అంతే. అసలు తలనొప్పి అటెండెన్సు. మా కాలేజీలో మధ్యాహ్నం క్లాసుని ఉన్నట్టుండి సాయంత్రానికి జరిపేసేవాళ్ళు, ఆ ఏడాది నా ఫ్రెంచ్ సగం గాలికి పోయింది. చేరేముందు టైంటేబుల్ చూసుకో.

చందు: డిప్లొమా అనే మాట చూసి పడిపోకు. నేను పడ్డాను. మొదట జర్మన్ అన్నాను కదా, గుర్తుందా. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలకి 18,000 కట్టాను. బోర్డు మీద డిప్లొమా. తీరా అయ్యాక చూస్తే అది ఏ1. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2, మొత్తం ఆరు మెట్లు. నేను మొదటి మెట్టు మీద డిప్లొమా పట్టుకుని నిలబడ్డాను.

వాణి: అందుకే, ఇది పూర్తయ్యేసరికి ఏ మెట్టు దాకా తీసుకెళ్తారు అని అడుగు. నోటితో చెప్తే నమ్మకు, రాసిమ్మను. ఉద్యోగానికి బీ2 అడుగుతారు ఎక్కువగా. ఫ్రెంచ్‌కి డెల్ఫ్ అనే పరీక్ష, అందులో 'డి' అంటేనే డిప్లొమా, ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చేది, జీవితాంతం చెల్లుతుంది. జర్మన్ అయితే ఇందిరానగర్‌లో మాక్స్ ముల్లర్ భవన్.

చందు: ఆ మాక్స్ ముల్లర్ ఉన్నాడే, జర్మన్ పండితుడు, ఆయన అసలు ఇండియాకే రాలేదు తెలుసా? ఋగ్వేదం మొత్తం అచ్చు వేయించాడు, ఒక్కసారి కూడా ఇటు రాలేదు.

వాణి: నువ్వు జపాన్ వెళ్ళావా?

చందు: సరే సరే. జపనీస్‌కి జేఎల్‌పీటీ అనే పరీక్ష. ఎన్5 కింద, ఎన్1 పైన. జూలైలో ఒకటి, డిసెంబరులో ఒకటి, మొదటి ఆదివారాలు. చెన్నైలోనూ ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. డిసెంబరుది మీ సెమిస్టర్ పరీక్షల మీద పడుతుందేమో చూసుకో. ఎన్5 పాసవ్వాలంటే 180కి 80 రావాలి, ఒక్కో భాగంలోనూ కనీస మార్కులు కూడా రావాలి. ఒక విషయం మాత్రం నిజాయితీగా చెప్పాలి, అందులో మాట్లాడే పరీక్ష లేదు.

వాణి: అంటే నోరు తెరవకుండానే పాసవ్వచ్చు. నీకు సరిగ్గా సరిపోయింది.

చందు: [నవ్వు] దెబ్బ మీద దెబ్బ. అక్కా, వాళ్ళ హిరగాన లిపిలో మూల అక్షరాలు 46. మన 56 నేర్చినవాళ్ళకి అదెంత? కంజీ అంటావా, చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలు, అది వేరే గొడవ, రోజూ వాడేవని వాళ్ళ ప్రభుత్వం పెట్టిన లిస్టులోనే 2,136 ఉన్నాయి, కానీ వ్యాకరణం మాత్రం...

వాణి: మళ్ళీ అజంతం దగ్గరికే వస్తున్నావు.

చందు: రానీ. ఇప్పుడు 'తబెతై' తీసుకో, తినాలని ఉంది. మనం క్రియకి చివర ఎలా తగిలిస్తామో...

[కింద హారన్]

వాణి: ట్యాంకరేనా అది?

చందు: ట్యాంకరే. పన్నెండున్నరకన్నాడు కదా!

వాణి: పరిగెత్తు, మూత తీయలేదు సంపుకి. కన్నడలో మాట్లాడు.

చందు: ఏమనాలి? 'నీరు' అంటే చాలా?

వాణి: 'స్వల్ప నిల్సి' అను. కొంచెం ఆపండి అని. పో!

చందు: స్వల్ప నిల్సి, స్వల్ప నిల్సి... చెప్పులేవీ?