రెండో అంతస్తులో హామ్ రేడియో: ఎర్త్ వైరు చేసేదేంటి, చేయలేనిదేంటి

[తెర మీద: రిగ్ వెనక భాగం, ఎర్త్ స్క్రూ దగ్గరగా]

నమస్కారం. హామ్ రేడియో, అంటే సరదాకి సొంతంగా నడిపే రేడియో స్టేషన్, లైసెన్సు వచ్చింది, రిగ్ (మాట పంపి, అందుకునే రేడియో సెట్టు) కొన్నారు, డాబా మీద యాంటెన్నా కట్టారు. రిగ్ వెనకాల "జీఎన్‌డీ" (గ్రౌండ్, అంటే ఎర్త్) అని రాసిన స్క్రూ ఒకటుంది. దాన్నుంచి వైరు ఎక్కడికి వెళ్లాలి?

పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, రాడ్డు దించి కలిపెయ్యమంటారు. రాడ్డు కావాల్సిందే. అయితే మైకు దగ్గర పెదవి చురుక్కుమన్నా, మాట్లాడుతుంటే ల్యాప్‌టాప్ ఆగిపోయినా "ఎర్త్ బాలేదు" అని ఇంకో రాడ్డు దించుతుంటారు. ఆ జబ్బుకి ఆ మందు పనిచేయదు. ఎందుకో చూద్దాం.

[తెర మీద: త్రీ పిన్ ప్లగ్]

ముందు ప్రాణానికి సంబంధించిన ఎర్త్. ప్లగ్గులో లావు పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా ఉంటుంది. సాకెట్లో ముందు తగిలేదీ, తీసేటప్పుడు చివర వదిలేదీ అదే. పవర్ సప్లైలో ఫేజ్ వైరు ఊడి డబ్బాకి తగిలితే కరెంటు మన ఒంట్లోంచి కాకుండా దాని గుండా పోవాలి.

ఎర్త్ లేని సాకెట్లో ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) పెడితే డబ్బా ముట్టుకోగానే జివ్వుమంటుంది. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల డబ్బా మీద దాదాపు 115 వోల్టులు, అంటే సప్లైలో సగం, కనిపిస్తాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అప్పుడు కొందరు సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. వెనకాల ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే రిగ్ డబ్బా మీదికి పూర్తి 230 వోల్టులు వచ్చేస్తాయి.

రాడ్డు ఒక్కదాన్నీ నమ్ముకోకూడదు. దాని రెసిస్టెన్సు 10 ఓములనుకుందాం. ఫేజ్ డబ్బాకి తగిలితే పారేది 23 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) దాన్ని మామూలు లోడనుకుంటుంది, పడిపోదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కాస్త కరెంటు నేలకి లీకైనా పడిపోయే స్విచ్చు) తప్పనిసరి.

[తెర మీద: రెండో అంతస్తు కిటికీ నుంచి నేల దాకా ఆకుపచ్చ వైరు]

ఇక అసలు చిక్కు, ఆర్‌ఎఫ్, అంటే రిగ్ పంపే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు. మీ గది రెండో అంతస్తులో ఉంది, కింది రాడ్డు దాకా వైరు సుమారు పదిన్నర మీటర్లు. మీరు 7.1 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతున్నారు. ఆ తరంగం పొడవు 42 మీటర్ల పైచిలుకు, అందులో నాలుగో వంతు పదిన్నర మీటర్లు! కింద నేలకి కలిసిన పావు తరంగం వైరు, పై చివర ఆ ఫ్రీక్వెన్సీకి దాదాపు తెగిపోయిన వైరులా కనిపిస్తుంది. మల్టీమీటర్ సున్నా ఓములు చూపిస్తుంది, అదీ నిజమే. కానీ మల్టీమీటర్ కొలిచేది డీసీని.

పొడవు సరిగ్గా అంత కాకపోయినా తిప్పలే. తిన్నని వైరుకి మీటరుకి సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్సు (మారే కరెంటుని అడ్డుకునే గుణం) ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది మీటరుకి 44 ఓములు. పైగా ఆ వైరే యాంటెన్నాలా పనిచేసి ఆర్‌ఎఫ్‌ని గోడల వెంబడి ఇల్లంతా తిప్పుతుంది.

మరి పెదవి ఎందుకు చురుక్కుమంటోంది? కోయాక్స్, అంటే యాంటెన్నాని రిగ్‌కి కలిపే కేబుల్, దాని అల్లిక లోపలి వైపు, బయటి వైపు ఆర్‌ఎఫ్‌కి రెండు వేరు దారులు. డైపోల్ (రెండు చేతుల్లా సాగిన తీగల యాంటెన్నా) దగ్గర కరెంటు సమంగా పంచుకోకపోతే, మిగిలింది అల్లిక బయటి వైపు నుంచి దిగి రిగ్ దాకా, మైకు దాకా వస్తుంది. దాన్ని ఆపాల్సింది పైనే. ఫీడ్ పాయింట్ (కోయాక్స్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గర 31 మిక్స్ అనే రకం ఫెర్రైట్ (అయస్కాంత పదార్థం) రింగులో కోయాక్స్‌ని పది పన్నెండు చుట్లు చుట్టండి. డైపోల్‌కి ఆర్‌ఎఫ్ ఎర్త్ అక్కర్లేదు, దాని రెండో చెయ్యే ఆ పని చేస్తుంది. పావు తరంగం వర్టికల్ (నిలువు యాంటెన్నా) అయితే నేల మీద దాని మొదలు నుంచి చుట్టూ రేడియల్ వైర్లు పరవాలి, ఎన్ని ఎక్కువైతే అంత మేలు.

[తెర మీద: మేఘాలు, ఇంటి గోడ దగ్గర అరెస్టర్]

పిడుగు సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట, గోడ బయటే అరెస్టర్ (పిడుగు కరెంటుని నేలకి మళ్లించే పరికరం) పెట్టి, పొట్టి లావు రాగి పట్టీతో రాడ్డుకి కలపండి. పట్టీ మలుపులు తిరగకూడదు: మైక్రోసెకనుకి 10 వేల ఆంపియర్లు పెరిగే పిడుగుకి 1 మైక్రోహెన్రీ అడ్డొస్తే 10 వేల వోల్టులు పుడతాయి.

యాంటెన్నా రాడ్డునీ ఇంటి ఎర్త్‌నీ లావు రాగితో తప్పకుండా కలపండి. విడిగా వదిలేస్తే ఒకటి వేల వోల్టులకి లేస్తుంది, రెండోది కిందే ఉంటుంది. ఆ తేడా అంతా కోయాక్స్‌లోంచి దూరి పవర్ కార్డ్ గుండా పోతుంది, మధ్యలో ఉన్నది మీ రిగ్. ఇన్ని చేసినా నేరుగా పడే పిడుగుకి హామీ లేదు. మబ్బు పట్టకముందే కోయాక్స్ విప్పి బయట పెట్టండి, ప్లగ్గు కూడా పీకేయండి.

[తెర మీద: రిగ్, ల్యాప్‌టాప్, ఆడియో కేబుల్]

ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే పద్ధతి) కోసం ల్యాప్‌టాప్ కలిపితే వచ్చే హమ్ (గుయ్యిమనే రొద) సంగతి. 100 వాట్ల రిగ్ మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. నెగెటివ్ తీగలో 0.01 ఓము ఉన్నా 0.2 వోల్టులు పడతాయి. మైకు నుంచి వచ్చేదేమో కొన్ని మిల్లీవోల్టులే. ఆడియో గ్రౌండు ఆ తీగతో దారి పంచుకుంటే అంత తేడా నేరుగా మాటలో కలుస్తుంది. పవర్ తీగలు లావుగా, పొట్టిగా వేయండి, ఆడియో లైనులో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల తీగలు నేరుగా కలవకుండా ఆడియోని దాటించేది) పెట్టండి. హమ్ పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీయొద్దు. మీరే కట్టే సర్క్యూట్‌లోనూ అంతే: మైకు ప్రీయాంప్‌కీ, రిలేకీ, పవర్ దశకీ గ్రౌండు తీగలు వేరుగా లాగి, సప్లై నెగెటివ్ దగ్గర ఒకే చోట కలపండి.