అమెరికాలో ఎమ్మెస్: క్లాసు సగం, కాన్వాస్ సగం

హాయ్ అండీ, నమస్తే! ఫాల్ సెమిస్టర్‌కి వచ్చేవాళ్లు కుక్కర్, పచ్చళ్ల ప్యాకింగ్ వీడియోలు ఈపాటికి చాలానే చూసుంటారు. ఈరోజు వాటి ఊసు లేదు. లాప్‌టాప్ తెరిచి కూర్చోండి.

ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో సిలబస్, హోంవర్క్, మార్కులు అన్నీ కాన్వాస్ అనే ఆన్‌లైన్ కోర్సు సైట్‌లోనే. మన దగ్గర పరీక్షల ముందు నాలుగు నైట్‌అవుట్లు కొట్టి గట్టెక్కే అలవాటు ఉంటుంది కదా, అది ఇక్కడ పనికిరాదు. మార్కులు వారంవారం పోగవుతాయి. గ్రేడ్స్ పేజీలో ఇంకా మార్కులు పడని అసైన్‌మెంట్ దగ్గర నొక్కి, మీకు ఎంత రావచ్చో వేసి చూడండి. టోటల్ ఎంతవుతుందో అక్కడే తెలుస్తుంది, అది మీకు తప్ప ఎవరికీ కనబడదు. కొందరు ప్రొఫెసర్లు టోటల్ దాచేస్తారు, అప్పుడు సిలబస్‌లో ఉన్న వెయిటేజీతో చేత్తో లెక్క వేసుకోవడమే.

సబ్మిట్ నొక్కగానే పనైపోయిందనుకోకండి. సబ్మిషన్ డీటెయిల్స్‌లోకి వెళ్లి, పంపిన ఫైల్‌ని మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరవండి. ఫైనల్ బదులు పాత డ్రాఫ్ట్ వెళ్లిపోవడం ఇక్కడ మహా మామూలు తప్పు. డ్యూ డేట్ వేరు, 'అవైలబుల్ అంటిల్' వేరు. మొదటిది దాటితే లేట్ అని పడుతుంది, రెండోది దాటితే అసలు తీసుకోదు.

సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లు టైమ్‌జోన్ చూసుకోవాలి. ఈస్టర్న్ టైమ్ రాత్రి 11:59 అంటే మనకి మర్నాడు ఉదయం 10:29, వేసవిలో అయితే 9:29. అకౌంట్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ ఏది పెడితే గడువు ఆ టైమ్‌లోనే కనిపిస్తుంది. లాగిన్‌కి డ్యువో (పాస్‌వర్డ్ కొట్టాక, అది మీరేనని ఫోన్‌తో మళ్లీ నిర్ధారించుకునేది) అడిగే చోట ఫోన్ కాల్ పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకుంటే, సిమ్ మార్చిన రోజే బయట నిలబడతారు. డ్యువో యాప్ పెట్టుకోండి, నెట్ లేకపోయినా పాస్‌కోడ్ ఇస్తుంది. కొత్త ఫోన్ రిజిస్టర్ చేశాకే పాతది చెరిపేయండి.

గ్రేడ్‌స్కోప్‌లో (జవాబు పత్రాలు ఆన్‌లైన్‌లో దిద్దే సైట్) చేతిరాత జవాబులు పీడీఎఫ్‌గా పెట్టాక, ఏ ప్రశ్న ఏ పేజీలో ఉందో మీరే గుర్తు పెట్టాలి. మరిచిపోతే దిద్దేవాళ్లకి మీ జవాబు కనపడకపోవచ్చు. మార్కు ఎందుకు పోయిందో రూబ్రిక్‌లో, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికలో, రాసి ఉంటుంది. రీగ్రేడ్ (మళ్లీ దిద్దమని) అడిగేటప్పుడు ఆ లైన్ గురించే మాట్లాడండి. "సర్, రెండు మార్కులు ప్లీజ్" ఇక్కడ నడవదండీ.

లాక్‌డౌన్ బ్రౌజర్‌తో (పరీక్షప్పుడు కంప్యూటర్‌లో ఇంకేదీ తెరవనివ్వని బ్రౌజర్) పరీక్ష అంటే ఉబుంటు లాంటి లినక్స్ వాడేవాళ్లకి చిక్కే. లినక్స్ మీద, వర్చువల్ మెషీన్‌లో అది పనిచేయదు. ముందురోజే ప్రాక్టీస్ క్విజ్ రాసి చూసుకోండి, రెండో మానిటర్ తీసేయండి.

ఇక ఏఐ సంగతి. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఒక కోర్సులో చాట్‌జీపీటీ వాడొచ్చు, పక్క కోర్సులో వాడితే హానర్ కోడ్ (కాపీ కొట్టకూడదనే యూనివర్సిటీ నియమాలు) కేసు. సిలబస్‌లో ఆ పేరా చదవకుండా మొదటి అసైన్‌మెంట్ మొదలుపెట్టకండి. కాపీ రాతల్ని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో ఏఐ గుర్తింపు 2023 ఏప్రిల్‌లో వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ దాన్ని ఆపేసింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు ఏఐ డిటెక్టర్లకి టోఫెల్ (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసే పరీక్ష) వ్యాసాలు ఇస్తే, మనుషులు రాసినవాటిని కూడా సగటున 61 శాతం ఏఐ రాతే అన్నాయి. ఇంగ్లీషు రెండో భాషైనవాళ్లు వాడే మాటలు తక్కువ, వాక్యాలు సాదా. యంత్రానికి అనుమానం అక్కడే. అంటే దెబ్బ మనలాంటివాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. అందుకే మొదటి వాక్యం నుంచీ గూగుల్ డాక్స్‌లోనే రాయండి. వెర్షన్ హిస్టరీలో మీ రాత గంటగంటకీ ఎలా పెరిగిందో ఉంటుంది. వేరేచోట రాసి ఒక్కసారిగా పేస్ట్ చేస్తే ఆ సాక్ష్యం పోయినట్టే.

చివరగా రిజిస్ట్రేషన్. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకి సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ క్లాసు, గరిష్ఠంగా 3 క్రెడిట్లు మాత్రమే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. 9 క్రెడిట్లు తీసుకుంటే మిగతా 6 క్లాసురూమ్‌లోనే ఉండాలి. ఆఖరి సెమిస్టర్‌లో ఒక్క కోర్సే మిగిలితే అది ఆన్‌లైన్‌ది కాకూడదు. సెక్షన్ నంబర్ పక్కన మోడ్ (ఆన్‌లైనా, క్లాసురూమా) ఏం రాసుందో చూసి, డీఎస్‌ఓకి (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మెయిల్ పెట్టి, ఆ జవాబు దాచుకున్నాకే ఎన్‌రోల్ నొక్కండి.