మత్తు డాక్టరు అడిగే మందుల సంచి

అందరికీ నమస్కారం. కిడ్నీలో రాళ్ల గురించి మాట్లాడాలంటే రాయి తీసే సర్జన్‌ని పిలుస్తారు. మీరు మత్తు ఇచ్చేదాన్ని పిలిచారు. ఒకందుకు మంచిదే. రాయి ఎక్కడుందో, ఎన్ని మిల్లీమీటర్లో స్కానింగ్ చెబుతుంది. మీ ఇంట్లో టీవీ పక్కన డబ్బాలో ఏ మాత్రలున్నాయో ఏ స్కానింగూ చెప్పదు. నేను అడిగి తెలుసుకోవాల్సిందే.

అడిగితే అందరిదీ దాదాపు ఒకటే జవాబు. "ఏం లేవమ్మా, బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల, అంతే." ఆ 'అంతే' దగ్గరే నాకు టెన్షన్. పోయినేడు ఒక పెద్దాయన ఇలాగే అన్నారు. తీరా థియేటర్‌లో చేతికి సూది పెడుతుంటే, "గుండెకి ఓ చిన్న బిళ్ల కూడా ఉందమ్మా, రాత్రి వేసుకున్నా" అన్నారు. అది క్లోపిడోగ్రెల్, రక్తం పలచన చేసే మందు. ఆయనకి చేయాల్సింది వీపులోంచి దారి చేసి రాయి తీసే ఆపరేషన్. ఆ రోజుకి మానేశాం. ఆయనకి కోపమొచ్చింది. వాళ్లబ్బాయికి ఇంకా ఎక్కువ, దుబాయ్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడు పాపం.

ఎందుకు మానేశామంటే, గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు రెండు కిడ్నీలకే పోతుంది. అలాంటి చోట రంధ్రం చేసినా, బయటినుంచి షాక్ తరంగాలతో రాయిని పగలగొట్టినా రక్తం ఆగకపోతే కష్టం. నడుముకిచ్చే మత్తు సూదికీ అదే భయం, వెన్నులో రక్తం గడ్డకడితే కాళ్లు పడిపోవచ్చు. మూత్రనాళం దారిలోనే పైకి వెళ్లి లేజర్‌తో పొడి చేసే పద్ధతిలో ఈ ప్రమాదం తక్కువ. పలచన చేసే మందు ఆపడానికి వీల్లేనివాళ్లకి సర్జన్లు అందుకే ఆ దారి చూస్తారు.

మామూలుగా క్లోపిడోగ్రెల్ 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతాం. అలాంటిదే ఇంకో మందు వార్ఫరిన్ అయితే 5 రోజుల ముందు ఆపి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చూస్తాం. ఈ లెక్క విని ఇంటికెళ్లి ఎవరూ సొంతంగా ఆపకండి! గుండెలో స్టెంట్ వేసి ఏడాది కూడా కానివాళ్లు ఆపితే ఆ స్టెంట్‌లోనే గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. గుండె డాక్టరు, సర్జను, నేను మాట్లాడుకుని తేల్చాల్సిన విషయమిది. రాయి ఆగగలిగితే ఆపరేషనే వాయిదా వేస్తాం. ఇంకో సంగతి, ఆపిన బిళ్ల మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఆపడం అందరికీ గుర్తుంటుంది, మొదలుపెట్టడమే మర్చిపోతారు.

అన్నట్టు, "నాకు స్టంట్ ఉంది" అని చెప్పి ఊరుకోకండి. గుండెలోనా, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వేసిన పైపా? రెండింటినీ మనవాళ్లు స్టంటే అంటారు. మొదటిది తీయరు. రెండోది డాక్టరు చెప్పిన తేదీకి తీయించుకోకపోతే దానిమీదే రాళ్లు పేరుకుంటాయి.

షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని 'గ్లిఫ్లోజిన్'తో ముగిసేవి ఉన్నాయి. వాటిని కనీసం 3 రోజుల ముందు ఆపాలి. లేకపోతే ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. విచిత్రమేమిటంటే అప్పుడు షుగర్ 180 దగ్గరే ఉండొచ్చు, మిషన్ చూసి అంతా బాగుందనుకుంటాం. ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు, ఎంత తగ్గించాలో చెబుతాం. థైరాయిడ్ బిళ్ల, ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ల లాంటివి ఆ పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ బిళ్ల మాత్రం ఆ రోజుకి వద్దంటాం, మత్తులో బీపీ బాగా పడిపోతుంది.

కొండపిండాకు కషాయం తాగుతున్నామని చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. మా అమ్మ కూడా ఉలవ నీళ్లు తాగింది, నేనేమీ తిట్టను. వెల్లుల్లి, చేపనూనె గొట్టాలు వేసుకుంటుంటే అవీ చెప్పండి చాలు.

యాంటీబయాటిక్స్ సంగతి వేరు. ఆపరేషన్‌కి ముందు యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష, చేయిస్తాం. క్రిములుంటే ముందు అవి తగ్గాలి, ఎందుకంటే రాయి పగిలినప్పుడు దానిలో దాక్కున్నవి రక్తంలోకి వస్తాయి. ఇంట్లో మిగిలిన నాలుగు బిళ్లలు మింగి వస్తే కల్చర్‌లో ఏమీ కనబడదు, క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత చలితో జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి రండి.

నొప్పికి డైక్లోఫెనాక్ బాగా పనిచేస్తుంది, కాదనను. క్రియాటినిన్ పెరిగినవాళ్లకి, అంటే కిడ్నీ పని తగ్గినవాళ్లకి, మాత్రం అదే కిడ్నీని దెబ్బతీస్తుంది. ఇందాక చెప్పిన కిడ్నీ పైపు మంట తగ్గడానికి టామ్సులోసిన్ ఇస్తే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. నిద్రలేవగానే గబుక్కున నిలబడితే తల తిరుగుతుంది. కంటిపొర ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు, మానేసి చాలా కాలమైనా సరే, ఈ బిళ్ల వాడామని కళ్ల డాక్టరుకి చెప్పాలి. ఇది వాడినవాళ్లకి ఆపరేషన్ మధ్యలో కంటిపాప సరిగ్గా విచ్చుకోకుండా ఇబ్బంది పెడుతుంది.

సంచులు తెమ్మని ముందే కబురు పెట్టాను కదా. ముందు వరసలో పచ్చ సంచి ఎవరిదండీ? ఇలా తీసుకురండి, ఒక్కొక్క షీటూ పేరు చదువుదాం.