క్లస్టర్ తలనొప్పికి చెట్ల మందు ఎంతవరకు?

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ప్రాక్టీసు చేస్తున్న ఆయుర్వేద వైద్యుడిని. చెట్ల మందును తక్కువ చేసి మాట్లాడటానికి రాలేదు. కానీ క్లస్టర్ తలనొప్పికి అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ముందుగా చెప్పాల్సింది మాలాంటి వైద్యులమే.

మొదట జబ్బును గుర్తుపట్టాలి. పార్శ్వపు నొప్పి వచ్చినవాళ్లు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. క్లస్టర్ నొప్పి వచ్చిన మనిషి పడుకోలేడు. అర్ధరాత్రి లేచి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాడు, పిడికిలితో కణతను గుద్దుకుంటాడు, గోడకు తల ఒత్తుకుంటాడు. ఒకవైపు కన్ను ఎర్రబడి నీళ్లు కారతాయి, రెప్ప వాలుతుంది, అదేవైపు ముక్కు బిగుసుకుంటుంది. 15 నిమిషాల నుంచి మూడు గంటల దాకా ఉంటుంది. రోజుకు ఎనిమిదిసార్లు కూడా రావచ్చు. చాలామందికి రోజూ ఒకే వేళకు వస్తుంది. మెదడులో నిద్రను, మెలకువను నడిపే హైపోథాలమస్ అనే భాగానికి దీనితో సంబంధం ఉంది. ఇలా కొన్ని వారాలో, నెలలో వేధించి, ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కనిపించకుండా పోతుంది.

పసరు వైద్యానికి పేరొచ్చేది ఇక్కడే. నొప్పి మొదలైంది, తుమ్మికూర పసరు ముక్కులో పిండారు, ముప్పావు గంటకు తగ్గింది. పసరు పోయకపోయినా చాలాసార్లు అప్పటికి తగ్గేదే. నెల రోజులు ఒక కషాయం తాగారు, నొప్పి మాయమైంది. ఆ విడత అయిపోయే సమయమూ అదే అయి ఉండొచ్చు. చివర ఏ మందు వాడితే పేరంతా దానికే పోతుంది. మళ్లీ నొప్పి తిరగబెట్టినప్పుడు అదే పసరు కోసం ఊర్లు పట్టుకుని తిరుగుతారు, అసలు వైద్యం వెనకబడుతుంది. అందుకే ఒకరిద్దరికి తగ్గిందన్న మాటను నేను రుజువుగా తీసుకోను, అది నేనిచ్చిన మందైనా సరే.

మన ఇళ్లలో శొంఠి కొమ్మును రెండు చుక్కల నీళ్లతో సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని నుదుటికి పట్టు వేస్తారు. మొదట చురుక్కుమంటుంది, తర్వాత వెచ్చదనం పాకుతుంది, ఆరాక చర్మం బిగుస్తుంది. మామూలు తలనొప్పికి హాయిగానే ఉంటుంది, నేనూ వేసుకోమంటాను. క్లస్టర్ నొప్పి మాత్రం ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం దారిలో, కంటి వెనకాల పుడుతుంది. పైపట్టు అక్కడికి పోదు. కషాయమైతే కడుపులో పడి పనిచేసేలోపే నొప్పి తారస్థాయికి చేరుతుంది.

ఒక్క మొక్క మాత్రం నన్ను నిజంగా ఆలోచింపజేస్తుంది. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే మిర్చి. దాని ఘాటంతా క్యాప్సైసిన్‌ది. నరాల కొసల్లో నొప్పి కబురు మోసే సబ్‌స్టాన్స్ పి అనే పదార్థాన్ని అది ఖాళీ చేస్తుంది. 1990లలో ఇటలీ వైద్యులు దాన్ని కొలత ప్రకారం మందుగా చేసి, నొప్పి ఉన్నవైపు ముక్కులో కొన్ని రోజులు వాడి చూశారు. కొందరికి నొప్పులు తగ్గాయి, రెండోవైపు ముక్కులో వాడినవాళ్లకు ఆ గుణం కనిపించలేదు. అయితే అది కొద్దిమంది మీద జరిగిన పరిశోధన. ఇప్పటికీ మామూలు వైద్యంలో భాగం కాలేదు. దయచేసి ఇంట్లో కారం నీళ్లు ముక్కులో వేసుకోవద్దు, లోపలి పొర మండి పుండవుతుంది. జిల్లేడు పాలు కంటి దరిదాపులకు రానివ్వొద్దు, చూపు దెబ్బతింటుంది. ఉమ్మెత్త విషం, దాని జోలికే పోవద్దు.

నొప్పి వచ్చినప్పుడు పనిచేసేది ఆక్సిజన్. డాక్టరు చెప్పిన ప్రకారం మాస్కుతో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు పీల్చాలి. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో ఇలా చేస్తే 78 శాతం సందర్భాల్లో నొప్పి పోయింది లేదా బాగా తగ్గింది. మామూలు గాలితో అయితే 20 శాతమే. గుండె జబ్బు లేనివాళ్లకు సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ ఉంది. నొప్పి రాకుండా చూసుకోవడానికి ఈసీజీ తీయించుకుంటూ వెరాపమిల్ వాడతారు. మూలికలంటే ప్రేమ ఉన్నవాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది: నల్లమందు మొక్కలో దొరికే పాపవెరిన్‌ను చూసే ఈ వెరాపమిల్‌ను తయారుచేశారు.

ఈ మందులు వాడుతూ చెట్ల మందు కూడా తీసుకుంటే డాక్టరుకు దాచవద్దు. ఈ నొప్పికే కొందరికి ప్రెడ్నిసొలోన్, లిథియం అనే మందులు కూడా ఇస్తారు. ప్రెడ్నిసొలోన్ వాడేటప్పుడు అతిమధురం ఎక్కువైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. లిథియం వాడేవాళ్లు పల్లేరు, గలిజేరు కషాయాలు తాగితే రక్తంలో లిథియం పెరిగే ప్రమాదం ఉంది. నొప్పులు నడిచే రోజుల్లో కల్లు, మద్యం ముట్టవద్దు, కొంచెం తాగినా నొప్పి లేవొచ్చు.

మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే పసరూ వద్దు, పట్టూ వద్దు. కన్ను ఎర్రబడి చూపు మసకబారితే అది కంటిలో ఒత్తిడి పెరిగే గ్లాకోమా కావచ్చు, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. మిగతావాళ్లు న్యూరాలజిస్టును కలిసి, అవసరమైతే స్కానింగ్ తీయించుకోండి. మందుల చీటీలు తెచ్చుకున్నవాళ్లు సభ అయ్యాక నా దగ్గరికి రండి. వాటితో ఏ మూలిక కలపకూడదో ఒక్కొక్కరికీ రాసిస్తాను.